కుకీలకు ‘సరే’ నొక్కడం ఒప్పుకోవడమేనా?

క్లుప్తంగా: వెబ్‌సైటు బ్రౌజర్‌లో రాసిపెట్టుకునే చిన్న చీటీ పేరు కుకీ. లాగిన్ నిలవడానికి, కొనుగోలు బుట్ట ఖాళీ కాకుండా ఉండడానికి 1994లో పుట్టింది. పేజీలో తమ ముక్కలు పెట్టే బయటి కంపెనీలకూ అదే వీలు దొరకడంతో జనం కదలికలను గమనించే సాధనమైంది. అనుమతి అడిగే పెట్టెలు వచ్చాక కూడా పరిస్థితి పెద్దగా మారలేదు. జనానికి పట్టింపు లేకపోవడం దీనికి కారణమని చెప్పడం కష్టం. అడిగే తీరు, ముందే పెట్టి ఉంచిన సెట్టింగ్ ఫలితాన్ని చాలావరకు నిర్ణయిస్తున్నాయని పరిశోధనలు చూపిస్తున్నాయి.

ఏదో చదవడానికి వెబ్‌సైటు తెరవగానే సగం తెరను కమ్మేస్తూ ఒక పెట్టె ఎదురవుతుంది. మీకు మెరుగైన సేవలు అందించడానికి కుకీలు వాడుతున్నామని అందులో రాసి ఉంటుంది. కింద ముదురు రంగులో ‘అన్నీ అంగీకరిస్తున్నాను’ అనే పెద్ద బటన్, పక్కనే లేత అక్షరాల్లో ‘సెట్టింగ్‌లు’. చదవాల్సింది ఆ పెట్టె వెనకాల ఉంది కాబట్టి చాలామంది పెద్ద బటన్ నొక్కేసి లోపలికి వెళ్ళిపోతారు.

ఆ ఒక్క నొక్కును ఎవరికి తోచినట్టు వాళ్ళు చదువుకుంటున్నారు. వినియోగదారులు ఒప్పుకున్నారు కదా అని కంపెనీలు అంటాయి. ప్రైవసీ గురించి జనం మాటల్లోనే బాధపడతారు, చేతల్లో పట్టించుకోరు అని మరికొందరు తేల్చేస్తారు. ఈ రెండు మాటల్లో నిజమెంతో తెలియాలంటే కుకీ ఎలా పనిచేస్తుందో, ఆ పెట్టె ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూడాలి.

మతిమరుపు వెబ్‌కు ఒక చీటీ

వెబ్ నడిచే పద్ధతి పేరు హెచ్‌టీటీపీ. దానికి పుట్టుకతోనే మతిమరుపు. బ్రౌజర్ ఒక పేజీ అడుగుతుంది, సర్వర్ ఇస్తుంది, అక్కడితో ఆ పని అయిపోతుంది. మరుక్షణం అదే బ్రౌజర్ ఇంకో పేజీ అడిగితే, ఇందాక వచ్చిందీ ఇదేనని సర్వర్‌కు తెలియదు. వ్యాసాలు చదువుకోవడానికి ఈ పద్ధతి సరిపోతుంది. వస్తువులు ఎంచుకుని, బుట్టలో వేసుకుని, వేరే పేజీలో డబ్బు కట్టాలంటే మాత్రం కుదరదు.

1994లో బ్రౌజర్ తయారుచేసే నెట్‌స్కేప్ కంపెనీలో పనిచేస్తున్న లూ మోంటుల్లీ దీనికో ఉపాయం ఆలోచించారు. సర్వర్ ఒక చీటీ రాసి బ్రౌజర్ చేతికి ఇస్తుంది. బ్రౌజర్ మళ్ళీ వచ్చిన ప్రతిసారీ ఆ చీటీ చూపిస్తుంది. సామాను భద్రపరిచే కౌంటర్‌లో ఇచ్చే టోకెన్‌తో దీన్ని పోల్చవచ్చు. టోకెన్ మీద ఉండేది ఒక అంకె మాత్రమే. ఆ అంకె ఏ సంచిదో కౌంటర్‌లో ఉన్నవాళ్ళకు తెలుసు. ప్రోగ్రాములు ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకునే ఇలాంటి గుర్తులను కంప్యూటర్ నిపుణులు అప్పటికే ‘మ్యాజిక్ కుకీ’ అంటుండేవారు. ఆ పేరే దీనికీ వచ్చింది.

కుకీలో ఉండేది నాలుగు అక్షరాలు, కొన్ని అంకెలు. అది ప్రోగ్రాం కాదు కాబట్టి దానంతట అది ఏ పనీ చేయలేదు, ఫైళ్ళు తెరవలేదు, వైరస్‌లా పాకలేదు. ఒక పేరు, ఒక విలువ, ఏ సైటుకు చూపించాలి, ఎప్పటిదాకా ఉంచాలి అన్న వివరాలు మాత్రమే అందులో ఉంటాయి. సాధారణంగా ఒక్కో కుకీ 4 కిలోబైట్లు దాటదు. కొన్ని బ్రౌజర్ మూసేయగానే పోతాయి, కొన్ని నెలల తరబడి ఉంటాయి. గడువును 400 రోజులకు మించనివ్వకుండా క్రోమ్ 2022లో కట్టడి పెట్టింది.

అప్పట్లో ఇంకో దారి కూడా చర్చకు వచ్చింది. ప్రతి బ్రౌజర్‌కూ ఒక శాశ్వత సంఖ్య ఇచ్చి, అది ఏ సైటుకు వెళ్ళినా ఆ సంఖ్యను చూపించేలా చేయడం. అలా చేస్తే ఎవరు ఏ సైటులో తిరిగారో సులభంగా జతపరచవచ్చు. అందుకే దాన్ని వద్దనుకున్నామని మోంటుల్లీ తర్వాత రాశారు. చీటీ ఎవరు ఇచ్చారో వాళ్ళకే తిరిగి చూపించాలన్న నియమం ఆ జాగ్రత్తలోంచి వచ్చింది. ట్రాకింగ్‌కు పేరుపడిన కుకీ, నిజానికి ట్రాకింగ్ జరగకూడదన్న ఉద్దేశంతో తయారైన వస్తువు. ఈ సంగతి గుర్తుంటే తర్వాతి కథ అర్థమవుతుంది.

పేజీలోకి మూడో మనిషి

చూడడానికి ఒకటే పేజీలా ఉంటుంది గానీ, వెబ్ పేజీ చాలా చోట్ల నుంచి తెచ్చి అతికించిన ముక్కల కూర్పు. రాత ఒక సర్వర్ నుంచి వస్తుంది. ప్రకటన బొమ్మ ఇంకో కంపెనీ సర్వర్ నుంచి, వీడియో వేరే చోట నుంచి, ‘లైక్’ బటన్ మరో చోట నుంచి వస్తాయి. బ్రౌజర్ వీటన్నిటినీ అడిగి తెచ్చుకుంటుంది. అడిగిన ప్రతి సర్వర్‌కూ తన చీటీ ఇచ్చే హక్కు ఉంది. అడ్రస్ బార్‌లో కనిపించే సైటు ఇచ్చేది ఫస్ట్ పార్టీ కుకీ. పేజీలో ముక్కగా చేరిన బయటి సర్వర్ ఇచ్చేది థర్డ్ పార్టీ కుకీ.

ఇది ట్రాకింగ్‌గా ఎలా మారుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక వ్యక్తి పొద్దున మోకాలి నొప్పి గురించి ఆరోగ్య సైటులో చదివారు. ఆ పేజీలో ఒక ప్రకటనల కంపెనీ బొమ్మ ఉంది. దాన్ని తెచ్చుకోవడానికి బ్రౌజర్ వెళ్ళినప్పుడు ఆ కంపెనీ 7831 అనే సంఖ్య రాసిన చీటీ ఇచ్చింది. మధ్యాహ్నం ఆ వ్యక్తి వార్తల సైటు తెరిచారు. అక్కడా అదే కంపెనీ ప్రకటన ఉంది. బ్రౌజర్ నియమం ప్రకారం, చీటీ ఇచ్చినవాళ్ళకే దాన్ని తిరిగి చూపించింది. ఏ పేజీ కోసం అడుగుతోందన్న సమాచారమూ ఆ అభ్యర్థనతో పాటే వెళ్ళింది. రాత్రి ఉద్యోగాల సైటులోనూ ఇదే జరిగింది. ఇప్పుడు ప్రకటనల కంపెనీ దగ్గర 7831 పేరు మీద ఒక జాబితా ఉంది: మోకాలి నొప్పి, వార్తలు, కొత్త ఉద్యోగం. ఆ మూడు సైట్లకూ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. వాటి మధ్య ముడి వేసింది ఆ వ్యక్తి ఎన్నడూ తలుపు తట్టని నాలుగో కంపెనీ.

మోంటుల్లీ పెట్టిన నియమం ఇక్కడ ఎక్కడా తప్పలేదు. ఒకే కంపెనీ వేల సైట్లలో కూర్చుంటే, ఆ నియమం ఏమీ ఆపలేకపోయింది.

ఆ తర్వాత ఇంకో మెలిక వచ్చి చేరింది. ఒక కంపెనీ 7831 అని పిలిచే బ్రౌజర్‌ను ఇంకో కంపెనీ క్యూ-92 అని పిలుస్తుంది. వాళ్ళిద్దరూ తమ సంఖ్యలను జతచేసుకోవడాన్ని కుకీ సింకింగ్ అంటారు. ఇప్పటి ప్రకటనల వేలం దీని మీదే ఆధారపడింది. పేజీ తెరుచుకునే లోపే, సెకనులో పదో వంతు సమయంలో, ఆ ఖాళీ చోటును వేలానికి పెడతారు. చూడబోయే వ్యక్తి గురించిన వివరాలు వేలంలో పాల్గొనే కంపెనీలన్నిటికీ వెళ్తాయి. గెలిచేది ఒక్కరే. ఓడినవాళ్ళకూ సమాచారం చేరిపోతుంది. ప్రైవసీ గురించి మాట్లాడేవాళ్ళు కుకీ కన్నా ఈ వేలాన్ని చూసి ఎక్కువ కలవరపడడానికి కారణం ఇదే.

ఇంత జరుగుతున్నా ఆ జాబితాలో పేరు లేదు కదా అన్న ప్రశ్న వస్తుంది. సంఖ్యకు పేరు తగిలించడం కష్టమేమీ కాదు. ఎక్కడో ఒక సైటులో ఈమెయిల్ ఇచ్చి లాగిన్ అయితే చాలు, అప్పటిదాకా పోగైన చరిత్రకు మనిషి దొరుకుతాడు.

1997లో చేజారిన అవకాశం

కుకీలు వచ్చిన మొదటి రెండేళ్ళు వాటి సంగతి మామూలు వాడుకరులకు తెలియనే తెలియదు. బ్రౌజర్ ఏమీ అడగకుండానే తీసుకునేది. 1996 ఫిబ్రవరిలో ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక రాశాకే జనంలో చర్చ మొదలైంది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1996, 1997 సమావేశాల్లో ఈ విషయాన్ని పట్టించుకుంది.

అప్పటికే కుకీలకు ప్రమాణం రాస్తున్న సాంకేతిక బృందానికి థర్డ్ పార్టీ కుకీల ప్రమాదం అర్థమైంది. 1997 ఫిబ్రవరిలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 2109 పత్రం వాటిని బ్రౌజర్లు అనుమతించకూడదని, కనీసం ముందుగానే ఆన్ చేసి పెట్టకూడదని చెప్పింది. ఆ పత్రం రాసిన ఇద్దరిలో మోంటుల్లీ ఒకరు. నెట్‌స్కేప్, మైక్రోసాఫ్ట్ రెండూ ఆ మాటను పాటించలేదు. ప్రకటనల కంపెనీలు అప్పటికే ఈ కుకీల మీద వ్యాపారం కట్టుకుంటున్నాయి. ప్రమాణం వద్దన్నది, బ్రౌజర్ సరే అన్నది. తర్వాతి పాతికేళ్ళ గొడవంతా ఈ చిన్న తేడాలోంచి పెరిగిందే. వాడుకరి ప్రమేయం లేకుండా మొదటే ఆన్ చేసిన ఒక సెట్టింగ్ ఎంత దూరం తీసుకెళ్తుందో ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ దొరకదు.

1996లో మొదలైన డబుల్‌క్లిక్ అనే ప్రకటనల కంపెనీ ఈ వ్యాపారానికి ముఖచిత్రం. కేటలాగ్ కొనుగోళ్ళలో జనం పేర్లు, చిరునామాలు ఉన్న అబాకస్ అనే కంపెనీని అది 1999లో కొన్నది. కుకీ సంఖ్యలకు అసలు పేర్లు తగిలిస్తారన్న భయంతో 2000లో పెద్ద నిరసన లేచింది, విచారణ మొదలైంది, కంపెనీ వెనక్కి తగ్గింది. జనానికి ఈ విషయం అర్థమయ్యేలా కనిపించినప్పుడు వాళ్ళు ఊరుకోలేదన్న మాట. డబుల్‌క్లిక్‌ను గూగుల్ 310 కోట్ల డాలర్లకు కొని, 2008లో ఆ ఒప్పందం పూర్తిచేసింది.

పెట్టె వెనకాల ఉన్న చట్టం

కుకీ పెట్టెలకు మూలం యూరప్. యూరోపియన్ యూనియన్ 2002లో తెచ్చిన ఈ-ప్రైవసీ ఆదేశం ప్రకారం కుకీల గురించి చెప్పి, వద్దనే వీలు ఇస్తే సరిపోయేది. 2009 సవరణతో ముందుగా అనుమతి తీసుకోవడం తప్పనిసరైంది. 2018 మే 25 నుంచి అమల్లోకి వచ్చిన జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, అనుమతి అంటే ఏమిటో గట్టిగా నిర్వచించింది. అది ఒత్తిడి లేకుండా ఇచ్చినదై ఉండాలి. దేనికో తెలిసి, స్పష్టంగా ఇచ్చినదై ఉండాలి. ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునేలా ఉండాలి. ముందే టిక్ పెట్టి ఉంచిన గడిని అనుమతి అనలేమని యూరప్ న్యాయస్థానం 2019 అక్టోబరులో ప్లానెట్49 కేసులో చెప్పింది.

ఇక్కడే చాలామందిలో ఒక అపోహ ఉంది. కుకీ వాడే ప్రతి సైటూ ఈ పెట్టె పెట్టాలని చట్టం చెబుతోందని అనుకుంటారు. అలా చెప్పడం లేదు. లాగిన్, కొనుగోలు బుట్ట లాంటి, అడిగిన సేవకు తప్పనిసరైన కుకీలకు అనుమతి అక్కర్లేదు. జనం కదలికలను గమనించని సైటుకు పెట్టె అవసరమే ఉండదు. ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటు 2020 డిసెంబరులో అనవసరమైన కుకీలన్నీ తీసేసి, పెట్టెను కూడా తీసేసింది. అంటే తెర మీద పెట్టె కనిపించడం చాలాసార్లు ఆ సైటు తీసుకున్న నిర్ణయం ఫలితం. చిరాకు మాత్రం చట్టం మీదికి పోతుంది.

అమలు నెమ్మదిగా సాగింది. ఒప్పుకోవడానికి ఒక నొక్కు, వద్దనడానికి చాలా నొక్కులు పెట్టినందుకు ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ సీఎన్‌ఐఎల్ 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోల జరిమానాలు ప్రకటించింది. ఆ తర్వాతే చాలా సైట్లలో ‘అన్నీ తిరస్కరించు’ అనే బటన్ మొదటి తెర మీదికి వచ్చింది.

మాట ఒకటి, నొక్కేది ఒకటి ఎందుకు?

ఇంటర్నెట్ వాడకం పెరిగిన కొద్దీ పరిశోధకులు ఒక వింతను గమనించారు. ప్రైవసీ ముఖ్యమా అని అడిగితే అందరూ అవుననే అంటారు. ఆ తర్వాత చిన్న రాయితీ కోసం ఫోన్ నంబరు ఇచ్చేస్తారు. దీనికి ‘ప్రైవసీ పారడాక్స్’ అని పేరు పెట్టారు. చేతలే అసలు మనసును చెబుతాయి, మాటలు పైకి మాత్రమే అన్న నిర్ధారణ దీన్నుంచి వచ్చింది. ప్రకటనల పరిశ్రమకు ఇది చాలా అనుకూలమైన నిర్ధారణ.

కానీ సర్వేలను దగ్గరగా చూస్తే బొమ్మ మారుతుంది. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2019లో అమెరికాలో చేసిన సర్వేలో, కంపెనీలు తమ సమాచారాన్ని వాడుతున్న తీరుపై ఆందోళనగా ఉందని 79 శాతం మంది చెప్పారు. కంపెనీలు సేకరించే సమాచారంపై తమకు అదుపు చాలా తక్కువ, లేదా అసలు లేదు అన్నవాళ్ళు 81 శాతం. ఈ రెండో అంకె మొదటిదానికన్నా ఎక్కువ విషయం చెబుతుంది. తన చేతిలో లేదని నమ్మిన మనిషి ఏ బటన్ నొక్కినా ఒకటే అనుకుంటాడు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన జోసెఫ్ టురో బృందం 2015లో దీనికి సరైన పేరు పెట్టింది: నిస్పృహతో సర్దుకుపోవడం. అదుపు కావాలని కోరుకుంటూనే అది దొరకదని ఒప్పుకున్నవాళ్ళు వారి సర్వేలో సగానికి పైగా ఉన్నారు. మరో విశేషం, కంపెనీలు ఏం చేస్తాయో బాగా తెలిసినవాళ్ళలో ఈ నిస్పృహ ఇంకా ఎక్కువ. తెలియకపోవడం వల్లే జనం ఒప్పుకుంటున్నారు, అవగాహన కల్పిస్తే చాలు అన్న వాదనకు ఇది గట్టి దెబ్బ.

రెండో కారణం సమయం. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అలీషియా మెక్‌డొనాల్డ్, లోరీ క్రేనర్ 2008లో ఒక లెక్క వేశారు. ఒక సగటు అమెరికన్ తాను వెళ్ళే సైట్ల ప్రైవసీ నిబంధనలన్నీ చదవాలంటే ఏడాదికి 200 గంటలు పడుతుందని తేలింది. రోజుకు అరగంటకు పైనే. చదివి ఒప్పుకోండి అని చెప్పే చట్టం, ఎవరూ చేయలేని పనిని చేసినట్టు ఊహించుకుంటోంది.

మూడోది, అన్నిటికన్నా బరువైనది, పెట్టె రూపం. 2020లో మిదాస్ నౌవెన్స్ బృందం బ్రిటన్‌లో ఎక్కువమంది చూసే సైట్ల అనుమతి పెట్టెలను పరిశీలించింది. యూరప్ చట్టం కనీస షరతులకు సరిపోయినవి 11.8 శాతమే. అదే బృందం 40 మందితో చేసిన చిన్న ప్రయోగంలో, తిరస్కరించే బటన్‌ను మొదటి తెర నుంచి తీసేస్తే అంగీకారం 22 నుంచి 23 శాతం పాయింట్లు పెరిగింది. అంతకుముందు 2019లో క్రిస్టీన్ ఉట్జ్ బృందం జర్మనీలోని ఒక వెబ్‌సైటులో, 80,000 మందికి పైగా సందర్శకుల మీద ఇలాంటి పెట్టెలను మార్చి మార్చి చూసింది. ముందుగా ఏ టిక్కూ లేకుండా, కావాల్సినవాళ్ళే ఎంచుకునేలా పెడితే, అన్ని రకాల ట్రాకింగ్‌కూ నిజంగా ఒప్పుకునేవాళ్ళు 0.1 శాతం కన్నా తక్కువని అంచనా వేసింది.

మనుషులు అవే మనుషులు. ప్రశ్న రూపం మారితే జవాబు తలకిందులైంది. అలాంటి జవాబును జనాభిప్రాయంగా తీసుకోవడం సరికాదు.

ఫోన్ల ప్రపంచంలో ఇదే విషయం మరింత పెద్ద ఎత్తున బయటపడింది. యాప్‌లు కుకీల బదులు, ప్రకటనల కోసం ప్రతి ఫోన్‌కూ ఇచ్చే గుర్తింపు సంఖ్యను వాడతాయి. 2021 ఏప్రిల్‌లో ఆపిల్ తన ఐఫోన్లలో ఒక మార్పు తెచ్చింది. వేరే కంపెనీల యాప్‌లలో, సైట్లలో తమ కదలికలను గమనించనివ్వాలా వద్దా అని ప్రతి యాప్ ముందుగా అడగాలి. రెండు బటన్లూ ఒకే పరిమాణం, ఒకే ప్రాముఖ్యం. ఆ మార్పు వల్ల 2022లో తమ ఆదాయానికి సుమారు 1,000 కోట్ల డాలర్ల దెబ్బ తగులుతుందని ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా చెప్పింది. జనానికి పట్టింపు లేక అందరూ సరే అని ఉంటే ఆ దెబ్బ తగలనే కూడదు.

‘నా దగ్గర దాచడానికి ఏముంది’ అన్న మాట కూడా తరచూ వినిపిస్తుంది. ఆ మాట ప్రైవసీని తప్పు దాచుకోవడంతో కలిపేస్తుంది. డాక్టరుకు చెప్పిన విషయం ఉద్యోగం ఇచ్చేవారికి తెలియకూడదని కోరుకోవడంలో తప్పు ఏమీ లేదు. ఒక సందర్భంలో ఇచ్చిన సమాచారం ఆ సందర్భపు మర్యాదల్లోనే ఉండాలన్న ఈ ఆలోచనను పరిశోధకురాలు హెలెన్ నిస్సెన్‌బామ్ ఒక సిద్ధాంతంగా రూపొందించారు. మోకాలి నొప్పి గురించి చదవడం రహస్యమేమీ కాదు. అది ఉద్యోగ వేటతో ముడిపడి ఒకే జాబితాలో చేరడమే ఇబ్బంది. బుట్టలో వస్తువులు గుర్తుపెట్టుకునే కుకీని ఎవరూ తప్పుపట్టకపోవడం, సైటు నుంచి సైటుకు వెంటపడే ప్రకటన చూసి ఉలిక్కిపడడం, రెండూ ఈ లెక్కన సహజమే.

బ్రౌజర్లు తలోదారి

చట్టం పెట్టె దగ్గర ఆగిపోతే, బ్రౌజర్లు తమ పని తాము మొదలుపెట్టాయి. ఆపిల్ సఫారీ 2017లో ట్రాకింగ్ నిరోధక పద్ధతి తెచ్చి, 2020 మార్చిలో థర్డ్ పార్టీ కుకీలను పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2019లో తెలిసిన ట్రాకర్లను ముందే అడ్డుకోవడం మొదలుపెట్టింది. 2022లో ప్రతి సైటుకూ విడివిడి డబ్బా కేటాయించి, ఒక సైటులో ఇచ్చిన చీటీ ఇంకో సైటులో కనిపించకుండా చేసింది. పై ఉదాహరణలోని 7831 ఇప్పుడు ఆరోగ్య సైటులో ఒక సంఖ్య, వార్తల సైటులో వేరే సంఖ్య అవుతుంది.

ప్రపంచంలో సగానికి పైగా వాడే క్రోమ్ కథ వేరు. రెండేళ్ళలో థర్డ్ పార్టీ కుకీలను తీసేస్తామని గూగుల్ 2020 జనవరిలో ప్రకటించింది. గడువు 2023కు, తర్వాత 2024కు, ఆ తర్వాత 2025కు జరిగింది. 2024 జనవరిలో 1 శాతం మందికి ఆపి చూసింది. అదే ఏడాది జులైలో ఆ ఆలోచనే మానుకుని, వాడుకరినే ఎంచుకోమంటామంది. 2025 ఏప్రిల్‌లో అలా అడిగే పెట్టె కూడా ఉండదని చెప్పింది. కుకీలకు బదులుగా తయారుచేసిన ‘ప్రైవసీ శాండ్‌బాక్స్’ సాధనాల్లో చాలావాటిని 2025 అక్టోబరులో విరమించుకుంది.

తేడాకు కారణం ఆదాయం వచ్చే చోటు. ఆపిల్‌కు డబ్బు ప్రధానంగా పరికరాల మీద వస్తుంది, గూగుల్‌కు ప్రకటనల మీద. అయితే దీన్ని స్వార్థంగా మాత్రమే చూస్తే సగం విషయం వదిలేసినట్టు. గూగుల్ థర్డ్ పార్టీ కుకీలు ఆపేస్తే, లాగిన్ అయిన కోట్ల మంది సమాచారం సొంతంగా ఉన్న ఆ కంపెనీకి పెద్దగా పోయేదేమీ లేదు, చిన్న ప్రకటనల కంపెనీలే మునుగుతాయని బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ ఆందోళన పడింది. ప్రైవసీ రక్షణ, మార్కెట్లో పోటీ రక్షణ ఇక్కడ ఎదురెదురయ్యాయి.

ఈ కుకీలు లేకపోతే వార్తా సైట్లు బతకవన్న వాదనను కూడా తూకం వేయాలి. కుకీలు తీసేస్తే పెద్ద సైట్ల ఆదాయం సగటున 52 శాతం పడిపోతుందని గూగుల్ సొంత అధ్యయనం 2019లో చెప్పింది. అదే ఏడాది మరోట్టా, అభిషేక్, అక్విస్టీ అనే ముగ్గురు విద్యావేత్తలు ఒక ప్రచురణ సంస్థ లెక్కలు చూసి, కుకీ ఉన్నందువల్ల సైటుకు అదనంగా వచ్చేది సుమారు 4 శాతమేనన్నారు. రెండు అధ్యయనాల పద్ధతులు, చూసిన సైట్లు వేరు కాబట్టి పక్కపక్కన పెట్టి ఒకటి అబద్ధమనలేం. నెదర్లాండ్స్ ప్రజా ప్రసార సంస్థ ప్రకటనలు చూసే స్టెర్ మాత్రం 2020లో ట్రాకింగ్ కుకీలు మానేసి, చదువుతున్న విషయాన్ని బట్టి ప్రకటనలు చూపించింది. ఆదాయం తగ్గకపోగా పెరిగింది.

కుకీ పోతే నిఘా పోతుందా?

కుకీకి ఒక మంచి గుణం ఉంది. అది వాడుకరి పరికరంలోనే ఉంటుంది. చూడవచ్చు, చెరిపేయవచ్చు. దాని స్థానంలోకి వస్తున్నవాటికి ఆ గుణం లేదు.

ఫింగర్‌ప్రింటింగ్ అన్న పద్ధతిలో పరికరంలో ఏమీ దాచరు. తెర పరిమాణం, ఫాంట్లు, టైమ్ జోన్, బ్రౌజర్ వెర్షన్, గ్రాఫిక్స్ కార్డు గీసే గీతల్లో తేడాలు కలిపి ఆ పరికరాన్ని గుర్తుపడతారు. 2010లో డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రంటియర్ ఫౌండేషన్ సుమారు 4.7 లక్షల బ్రౌజర్లను పరీక్షిస్తే, 83.6 శాతం వేటికవే ప్రత్యేకంగా కనిపించాయి. దీన్ని చెరిపేయడానికి చరిత్ర క్లియర్ చేస్తే సరిపోదు, ఎందుకంటే చెరపడానికి అక్కడ ఏమీ లేదు. ఇంకో పద్ధతి, లాగిన్‌లో ఇచ్చిన ఈమెయిల్‌ను ఒక కోడ్‌గా మార్చి కంపెనీలు పంచుకోవడం. ఈమెయిల్ ఏళ్ళ తరబడి మారదు కాబట్టి ఇది కుకీ కన్నా గట్టి గుర్తు.

ఇన్‌కాగ్నిటో విండో మీద ఉన్న నమ్మకం కూడా కొంత సరిచూసుకోవాలి. కిటికీ మూసేశాక ఆ పరికరంలో చరిత్ర, కుకీలు మిగలకుండా అది చూస్తుంది. సైట్లకు, ఇంటర్నెట్ కంపెనీకి కనిపించకుండా చేయదు. ఈ విషయంలో గూగుల్ మీద 2020లో అమెరికాలో కేసు పడింది. 2024లో కుదిరిన రాజీలో కోట్లాది రికార్డులు తొలగించడానికి ఆ సంస్థ ఒప్పుకుంది.

ఇక కుకీలన్నీ రోజూ చెరిపేసేవాళ్ళకు ఒక చిక్కు ఎదురవుతుంది. ‘వద్దు’ అని చెప్పిన సమాధానాన్ని సైటు గుర్తుపెట్టుకునేది సాధారణంగా ఒక కుకీలోనే. అది పోతే పెట్టె మళ్ళీ వస్తుంది. జాగ్రత్తగా ఉన్నవాళ్ళే ఎక్కువసార్లు విసుగు పడాల్సి వస్తుంది, ఆ విసుగులో ఎప్పుడో ఒకసారి పెద్ద బటన్ నొక్కేస్తారు.

ప్రశ్న ఒక్కసారి అడిగితే

సైటు సైటుకూ అడిగే బదులు బ్రౌజర్‌లో ఒకసారి చెబితే చాలదా అన్న ఆలోచన పాతదే. 2009 ప్రాంతంలో మొదలైన ‘డూ నాట్ ట్రాక్’ అదే చేసింది. ట్రాక్ చేయవద్దన్న సంకేతాన్ని బ్రౌజర్ ప్రతి సైటుకూ పంపేది. దాన్ని పాటించాల్సిన బాధ్యత ఎవరికీ లేకపోవడంతో చాలా సైట్లు పక్కన పెట్టాయి. దానికి ప్రమాణం రాస్తున్న, వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీకి చెందిన బృందం 2019లో పని ముగించేసింది.

2020లో వచ్చిన ‘గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్’ సాంకేతికంగా దాదాపు అలాంటి సంకేతమే. తేడా ఒక్కటే, దీని వెనకాల కాలిఫోర్నియా చట్టం ఉంది. ఈ సంకేతాన్ని పట్టించుకోకపోవడం కూడా ఒక ఆరోపణగా ఉన్న కేసులో సౌందర్య సాధనాలు అమ్మే సెఫోరా సంస్థ 2022 ఆగస్టులో 12 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. బ్రౌజర్లన్నీ ఇలాంటి సెట్టింగ్ ఇవ్వాలని కాలిఫోర్నియా 2025 అక్టోబరులో మరో చట్టం చేసింది. అది 2027 జనవరి నుంచి అమలవుతుంది. యూరోపియన్ కమిషన్ కూడా 2025 నవంబరులో, పెట్టెలు తగ్గించి బ్రౌజర్ స్థాయి సంకేతాలను సైట్లు గౌరవించేలా చేసే ప్రతిపాదన ముందుకు తెచ్చింది.

ఇవి అమల్లోకి వస్తే సమాధానం చెప్పే భారం చాలావరకు తగ్గుతుంది. అయితే ఆ సెట్టింగ్ ఎక్కడ పెడతారు, కొత్తగా బ్రౌజర్ తెరిచినవారికి అది ముందే ఆన్‌లో ఉంటుందా ఆఫ్‌లో ఉంటుందా అన్నది ఇంకా తేలాల్సిన విషయం. 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2109 రాసినవారు తేల్చాలని చూసిందీ ఇదే. అప్పుడు ఆ నిర్ణయం బ్రౌజర్ కంపెనీల చేతికి పోయింది. ఇప్పుడు ఎక్కువమంది వాడే బ్రౌజర్, ప్రపంచంలోనే అతి పెద్ద ప్రకటనల కంపెనీ చేతిలో ఉంది.